ఆముదాల గోదాంలో రెండో జిల్దు

మా ముత్తాతగారు పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాతగారు ఆ పద్నాలుగింటినీ నిలబెట్టుకున్నారు. జిల్లా కచ్చేరిలో ఆయనకు కుర్చీ వేసేవారు, నిలబడి మాట్లాడే అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. మా నాయిన కాలానికి ఊళ్లు తొమ్మిదైనాయి. తరువాత సర్కారే మారింది, ఊళ్ల లెక్క అక్కడితో ముగిసింది.

అమ్రాబాద్ వైపు, అడవి మొదలయ్యే చోట కోటలాంటి మా ఇల్లు, మా గడి ఉండేది. నేను చెప్పబోయే కాలానికి, అంటే యాభైల చివర, దాని గోడలు కూలిపోయి దర్వాజా ఒక్కటే మిగిలింది. రెండు నిలువుల ఎత్తు టేకు తలుపులు, వాటికి ఇత్తడి బొడ్డెలు. నేను వాటికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను. తలుపులకు అటూ ఇటూ గోడ లేదు కనుక ఊరి మేకలు పక్క నుంచి లోపలికి వెళ్లి మేసి వచ్చేవి. అయినా ఏడాదికొకసారి వెళ్లి ఆ తాళానికి నూనె వేసి వచ్చేవాణ్ణి.

అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాణ్ణి. తాలూకా కచ్చేరిలో పాత ఉర్దూ దస్తావేజులను తెలుగులోకి మార్చి రాయడం నా ఉద్యోగం. గడి నుంచి తెచ్చుకున్న వాటిలో చెప్పుకోదగినది జిట్రేగి కర్రతో చేసిన అల్మారా ఒకటి, దాన్నిండా తాతగారి పుస్తకాలు. ఆ పుస్తకాల గురించి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా వచ్చి, కూర్చుని, ఎంతసేపైనా చదువుకోవచ్చు. పుస్తకం మాత్రం గడప దాటదు. గడి పోయినా ఆ కట్టుబాటును నేను కిరాయి ఇంటి గడపకు కూడా వర్తింపజేశాను.

వాటిలో రెండు జిల్దుల, అంటే రెండు సంపుటాల ఉర్దూ నవల ఒకటి ఉండేది. ఒక పెద్ద హవేలీ, అందులో ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల మామిడితోట. నాయిన ఇంటికి వచ్చిన పెద్దమనుషులతో ఆ నవల ప్రస్తావన తెచ్చి, చదవలేదన్నవాళ్లతో ఆ తరువాత కాస్త తక్కువ మాట్లాడేవారు. మొదటి జిల్దు నేను చదువుకునే రోజుల్లోనే పూర్తిచేశాను. అన్నదమ్ములు ముగ్గురూ హవేలీని ఎన్నటికీ పంచుకోబోమని ఒట్టు పెట్టుకోవడంతో అది ముగుస్తుంది. రెండో జిల్దుకు చెదలు పట్టాయి. నాయిన చనిపోయిన ఏడు దాన్ని బాగు చేయించాను. కచ్చేరి రిజిస్టర్లు కుట్టే మనిషికి ఇస్తే, చెద తిన్న పై అంచు కోసేసి, ఎర్ర గుడ్డ వీపుతో కొత్త అట్ట వేసి, గట్టిగా కుట్టి ఇచ్చాడు. పై అంచుతోపాటు పేజీల అంకెలు కూడా పోయాయి. అంకెలు లేకపోతే ఏం, అక్షరాలున్నాయి కదా అనుకున్నాను.

ఆ రెండో జిల్దు నాకు కొరుకుడు పడలేదు. ఆరేళ్లలో నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఆ కాలపు అచ్చులో వాక్యం ఎక్కడ ముగిసిందో చూపే గుర్తులు ఉండవు. సగం మాటలు ఫార్సీ. పదిహేను, పదహారు పేజీలు బాగానే నడిచి, ఉన్నట్టుండి కథ ఎక్కడికో వెళ్లేది. లోపం నా ఫార్సీలో ఉందనుకున్నాను. కచ్చేరిలో నాకంటె ఉర్దూ తెలిసినవాళ్లు ఇద్దరు ఉండేవారు. వాళ్లను అడగాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. మా నాయిన చదివిన పుస్తకం నాకు అర్థం కాలేదని ఇంకొకరికి ఎలా చెప్పడం?

మా ఇంటామె చూసి నవ్వేది. "గంటసేపటి సంది అదే కాగితం ముందుకు ఎనుకకు తిప్పుతుండ్రు. ఏమున్నది అండ్ల?"

"కష్టమైన పుస్తకం."

"కష్టమైతే మానెయ్యుండ్రి. ఎవరన్న కొడుతుండ్రా?" అనేది. తరువాత గుర్తొచ్చినట్టు, "అచ్చంపేట కట్టెల వ్యాపారి మల్ల మనిషిని పంపిండు, తలుపుల కోసం. ఏం జెప్పాలె?" అనేది.

"అమ్మేవి కావని చెప్పు."

"గోడల్లేని తలుపులు ఎవరికి మూస్తరో మీరే జెప్పాలె," అంటూ లోపలికి వెళ్లిపోయేది.

ఇక నాటకాలు చూసిన సంగతి చెప్పాలి. ఊళ్లో ఒక దర్జీ ఉండేవాడు. మా నాయిన షేర్వానీలు కుట్టిన మనిషి, నాకంటె ఇరవై ఏళ్లు పెద్ద. అందరూ మాస్టర్ సాబ్ అనేవారు. ఒకరోజు నా కోటుకు కొలత తీసుకుంటూ, "దొరవారు, ఐతారం పగటీలి ఆముదాల గోదాంకు రాండ్రి. మేము ఆట ఆడుతున్నం," అన్నాడు. పగటి పూట నాటకమేమిటని అడిగాను. "కరెంటు లేదు. పెట్రోమాక్స్‌కు పైసల్లేవు. సూర్యుడైతే ముఫత్," అన్నాడు.

మా గడి ముందు ఆడనిదే ఆ తాలూకాలో ఏ భాగోతం మేళమూ ఇంకొక చోట ఆడేది కాదు. తాతగారు అరుగు మీద కుర్చీలో కూర్చున్న తరువాతే తాళాలు మోగేవి. అటువంటి ఇంటివాణ్ణి గోదాంలో ఆముదాల బస్తాల మధ్య నాటకం చూడడమేమిటి అనుకుంటూనే వెళ్లాను.

గోదాం కప్పులో రెండు రేకులు ఎగిరిపోయి ఉన్నాయి. అక్కడి నుంచి నేల మీద చాపంత ఎండ పడేది. ఆ ఎండే వాళ్ల రంగస్థలం. నటులు అందులో నిలబడి మాట్లాడేవారు, మాట అయిపోతే నీడలోకి తప్పుకునేవారు. ఎండ జరిగిన కొద్దీ నాటకం కూడా జరిగేది. తూర్పు గోడ ఎక్కి నిలువెత్తు దాటితే ఆట అయిపోయినట్టే. వానాకాలం నాటకం బంద్. చూసేవాళ్లు హమాలీలు, బండ్లవాళ్లు, బజారు ఆడవాళ్లు. మెట్లలా పేర్చిన బస్తాల మీద కూర్చునేవారు. నాకు మాత్రం గోదాం గుమాస్తా కుర్చీ తెచ్చి ముందు వేశారు. నేను నిటారుగా కూర్చున్నాను. సగం ఆటకు ఎండ నా కుర్చీ మీదికి వచ్చింది. రాజు వేషంలో ఉన్న మాస్టర్ సాబ్ మేకవెంట్రుకల గడ్డం సవరించుకుంటూ నా ముందుకు వచ్చి, "దొరవారు, జర జరుగుండ్రి. నా దర్బారు ఈడికొచ్చింది," అన్నాడు.

గోదాం అంతా నవ్వింది. నేను లేచి కుర్చీని నేనే పట్టుకుని పక్కకు జరిపాను. ఆ తరువాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఎందుకు అంత బాగుండేదో చెప్పడం కష్టం. హార్మోనియంలో రెండు మెట్లు పలకవు. అవి వచ్చిన చోట పాడేవాళ్లు గట్టిగా దగ్గి ఆ ఖాళీ నింపేవారు. ఆడవేషాలన్నీ ఒక కాంపౌండర్ వేసేవాడు. పొట్టిమనిషి, కోర మీసం. మీసం తీయడానికి ఇంట్లో ఒప్పుకోరని కొంగు మూతికి అడ్డం పెట్టుకుని మూడు గంటలు ఏడ్చేవాడు, మేమూ ఏడ్చేవాళ్లం. వారమంతా దస్తావేజుల్లో మునిగి, ఆదివారం ఆ ఆముదపు వాసనలోకి అడుగు పెడితే నాకు ప్రాణం లేచి వచ్చినట్టుండేది.

ఒకనాడు వాళ్ల దగ్గర కథలు అయిపోయాయి. పాతవే తిప్పి తిప్పి ఆడితే బస్తాల మీదివాళ్లు నటులకంటె ముందే మాటలు అందుకుంటున్నారు. నేను మాస్టర్ సాబ్‌తో ముగ్గురు అన్నదమ్ముల నవల గురించి చెప్పాను. ఆయన మిషన్ ఆపి విన్నాడు. "అంత సదివిండ్రా దొరవారు?"

"మా ఇంట్లో సగం చదివి వదిలే అలవాటు లేదు," అన్నాను.

అది అబద్ధం. నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకునే అలవాటు కూడా మా ఇంట్లో లేదు.

అట్లా మొదలైంది. ప్రతి శుక్రవారం సాయంత్రం నేను మాస్టర్ సాబ్ దుకాణానికి వెళ్లి కథ చెప్పాలి. ఆయన దాన్ని మాటలుగా కట్టి, ఆదివారం ఆడించాలి. పుస్తకమే ఇవ్వమని ఆయన ఒకసారి అడిగాడు. మా పుస్తకాలు గడప దాటవని చెప్పాను. మళ్లీ అడగలేదు.

మొదటి జిల్దు ఐదు ఆదివారాలు నడిచింది. జనం పెరిగారు. మాస్టర్ సాబ్ పెద్దన్న, కాంపౌండర్ పెద్దన్న భార్య. ముగ్గురూ ఒట్టు పెట్టుకునే ఘట్టానికి ఒక ముసలి హమాలీ లేచి, "గట్లనే ఉండుండ్రి బిడ్డా, ఇడిపోకుండ్రి!" అని అరిచాడు. నాకు ఆ వారమంతా కచ్చేరిలో కూడా అదే వినిపించింది.

ఇక రెండో జిల్దు. ఆరేళ్లలో చేయలేని పని వారం వారం చేయవలసి వచ్చింది. తెల్లవారుజామున లేచి నిఘంటువు ముందు పెట్టుకుని, పట్టుదలగా కూర్చుని, పదహారేసి పేజీలకు ఒక కట్టగా కుట్టిన ఆ పుస్తకంలో వారానికి నాలుగు కట్టలు చదివేవాణ్ణి. ఆ జిల్దు మొదలే గొప్పగా ఉంటుంది. పెద్దన్న భార్య తెల్లచీర కట్టుకుని, ఒంటరిగా హవేలీ దర్వాజా తెరిచి, మూయకుండా లోపలికి వెళ్లిపోతుంది. ఏం జరిగిందో చెప్పకుండా అట్లా ఎత్తుకోవడం రచయిత ధైర్యం అనుకున్నాను, మాస్టర్ సాబ్‌కు అట్లాగే చెప్పాను. ఆ ఆదివారం గోదాంలో ఊపిరి శబ్దం కూడా లేదు. రెండో ఆదివారం పెద్దన్న చనిపోయాడు. మూడో ఆదివారానికి నేను చదివిన దాంట్లో పెద్దన్న బతికే ఉన్నాడు, జ్వరంతో.

కాంపౌండర్ ఊరుకోలేదు. "దొరా, పోయిన ఐతారం గాజులు పలగ్గొట్టుకున్న. ఈ ఐతారం మల్ల ఏసుకొమ్మంటుండ్రు. నా మొగడు సచ్చిండా, బతికిండా? ఏదో ఒకటి ఖాయం జెయ్యుండ్రి. గాజులోడు నన్ను జూసి నవ్వుతున్నడు."

"పెద్ద నవలల్లో కాలం వెనక్కి కూడా నడుస్తుంది," అన్నాను.

"నడిస్తె నడవనీ. నాకు గాజులెవరు కొనిస్తరు?"

"చుప్," అన్నాడు మాస్టర్ సాబ్ సూదిలో దారం ఎక్కిస్తూ. "పెద్ద కితాబులు గట్లనే ఉంటయి." ఆయన నా వైపు చూడలేదు.

ఆటలో మాత్రం ముసలి హమాలీ నన్నే అడిగాడు. "దొరా, సచ్చినంక జరమొచ్చుడేంది? మా దిక్కు జరమొచ్చినంకనే సస్తరు."

అందరూ నా కుర్చీ వైపు తిరిగారు. "చివరికి తెలుస్తుంది," అన్నాను. ఆ మాటతో నన్ను నేనే కట్టేసుకున్నాను. నాలుగో ఆదివారం తోట అమ్మకం అయింది. వాన కార్తెలు దగ్గర పడ్డాయి, ఇంకొక్క ఆటకే ఎండ ఉంది. గోదాం తలుపు మీద సుద్దముక్కతో, "వచ్చే ఐతారం ఆఖరి ఆట. చివరికి ఏమైందో తెలుస్తుంది" అని రాశారు. కచ్చేరికి వెళ్లే దారి అదే. రోజుకు రెండుసార్లు చదవవలసి వచ్చేది.

ఆ శుక్రవారం నేను దుకాణానికి వెళ్లలేదు. చివరి కట్టలు తీసి చూశాను. ముగింపు లేదు. చిట్టచివరి కట్టలో అన్నదమ్ములు ముగ్గురూ తోటలో కూర్చుని మామిడిపండ్లు తింటూ ఒకరి మీద ఒకరు టెంకలు విసురుకుంటున్నారు. ఆఖరి పేజీ వాక్యం మధ్యలో తెగిపోయింది. మూడో జిల్దు ఉందేమో, నాయిన దాన్ని కొనలేదేమో అనుకున్నాను. గోదాంలో అంతమంది ముందు నిలబడి నేను చెప్పగలిగింది రెండే మాటలు. ఒకటి ఇంకొక అబద్ధం. రెండోది, పుస్తకం నాకు తెలియదని. మొదటి దాని తరువాత ఆ గోదాంలోకి తల ఎత్తుకుని వెళ్లలేను. రెండో దాని తరువాత వాళ్లు రానిస్తారో లేదో తెలియదు. ఆదివారాలు లేని వారం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటే నాకు భయం వేసింది.

శనివారం పొద్దున పుస్తకాన్ని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాను. మా ఇంటామె గడప దగ్గర నిలబడి చూసింది. "అది బయటికి పోతున్నదా?" అంది. అవునన్నాను. ఆమె పక్కకు తప్పుకుంది.

మాస్టర్ సాబ్ చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. నేను ఉన్నమాట చెప్పాను. అంతా చదివానన్నది నిజం కాదని, ఆరేళ్లుగా దీన్ని దాటలేకపోతున్నానని, ముగింపు దొరకలేదని. ఆయన పుస్తకం తెరిచాడు. అద్దాలు పెట్టుకుని కొన్ని పేజీలు తిప్పాడు. ఒక చోట ఆగాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. తరువాత పుస్తకం నా వైపు తిప్పి, పేజీ అడుగున ఒక మూలను గోటితో చూపించాడు.

"దొరవారు, గీడ ఏమున్నది సదువుండ్రి."

చిన్న అక్షరాలతో ఒక మాట ఒంటరిగా ఉంది. అటువంటివి ప్రతి పేజీ అడుగునా ఉండేవి. అచ్చువాళ్ల అలంకారం అనుకుని నేను ఎన్నడూ పట్టించుకోలేదు. "దర్వాజా," అని చదివాను.

"పాత కితాబులల్ల, తర్వాతి పేజీ మొదటి మాట ఈ పేజీ కింద రాస్తరు, కుట్టెటోడు తప్పు జెయ్యకుండ. ఇగ తర్వాతి పేజీ జూడుండ్రి, దేంతోని మొదలైంది?"

"జ్వరం."

"మరి దర్వాజా ఏడున్నది?" ఆయన వెనక్కి తిప్పి, అంతకు ముందున్న కట్ట మొదటి పేజీ తెరిచాడు. అది దర్వాజా అన్న మాటతోనే మొదలైంది. ఇంకొక కట్ట చూశాం, ఇంకొకటి చూశాం. అన్నీ అట్లాగే ఉన్నాయి.

"కుట్టినోడు తెలుగోడా?"

"అవును. కచ్చేరి రిజిస్టర్లు కుడతాడు."

"పాపం, ఉర్దూ కుడి దిక్కు నుంచి సదువుతరని ఎరుక లేక, కట్టలను తెలుగు పుస్తకం లెక్క ఎడమ దిక్కు నుంచి పేర్చిండు. మంచిగ కుట్టిండు, గట్టిగ కుట్టిండు. ఉల్టా కుట్టిండు."

అంటే నేను మొదలు అనుకున్నదే ముగింపు. తెల్లచీర కట్టుకున్న ఆమె దర్వాజా తెరిచి వెళ్లిపోవడంతో ఆ నవల అయిపోతుంది. ఆరేళ్ల కిందట, మొదటిరోజే నేను దాన్ని చదివేశాను. ఆయన నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు.

"ఆరేండ్లు సదివిండ్రా దీన్ని? షాబాష్. నేనైతే ఆరు రోజులల్ల ఇడ్సిపెడుతుంటి."

"అంతా చదివానని మీతో చెప్పాను, మాస్టర్ సాబ్."

"అది అబద్ధమని నాకు రెండో ఐతారమే ఎరుకైంది."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు మల్ల రాకపోదురు," అన్నాడు. ఆ మాట అని మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

మరుసటి రోజు గోదాం నిండిపోయింది. ఆట మొదలయ్యే ముందు నేను ఎండలోకి వెళ్లి నిలబడ్డాను. మా వంశంలో ఎవరూ ఆటగాళ్లు నిలబడే చోట నిలబడలేదు. పుస్తకాన్ని తిరగేసి కుట్టారని, చూసుకోకుండా కథ చెప్పింది నేనని, తప్పు నాదని చెప్పాను. ముసలి హమాలీ లేచి అన్నాడు, "అయితే జరమొచ్చినంకనే సచ్చిండన్నట్టు."

"అవును," అన్నాను.

"గది జెప్పుండ్రి మరి! పదిహేను దినాలసంది నాకు నిద్ర పడుతలేదు."

నవ్వులు ఆగాక కాంపౌండర్ నీడలోంచి అరిచాడు. "నా గాజుల సంగతేంది దొరా?" ఈసారి నేను కూడా నవ్వాను.

చివరికి ఏమైందో వాళ్లు నాలుగు వారాల కిందే చూసేశారు. ఇక ఆడడానికి మిగిలింది మామిడిపండ్ల ఘట్టమే. మాస్టర్ సాబ్ కొల్లాపూర్ నుంచి ఒక గంప పండ్లు తెప్పించాడు. పెద్దన్న కూర్చోవడానికి కుర్చీ కావలసి వచ్చి నా కుర్చీ తీసుకున్నారు. నేను ముసలి హమాలీ పక్కన బస్తా మీద కూర్చున్నాను. ముగ్గురు అన్నదమ్ములు ఎండలో కూర్చుని పండ్లు తిన్నారు. టెంకలు విసురుకున్నారు. చిన్నవాడు పాడుతుంటే హార్మోనియం పలకని చోట గోదాం అంతా కలిసి దగ్గింది. కాంపౌండర్ ఎర్రచీర, చేతుల నిండా గాజులతో వచ్చి, మొగుడి గడ్డానికి అంటిన రసం కొంగుతో తుడిచాడు. అంతే ఆట. వీళ్లు విడిపోతారని, తోట పోతుందని, ఈయన చచ్చిపోతాడని, ఈమె తెల్లచీర కడుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. ఎండలో ఉన్న ఆ నలుగురికి తెలియదు. నా పక్కనున్న ముసలాయన కళ్లు తుడుచుకుంటూ, "తినుండ్రి బిడ్డా, కడుపునిండ తినుండ్రి," అంటున్నాడు. ఎండ గోడ ఎక్కే ముందు గంపలో మిగిలిన పండ్లు అందరికీ పంచారు. నాకొకటి వచ్చింది. కత్తి లేదు, పళ్లెం లేదు. చేతులతోనే తిన్నాను.

వానలు పడ్డాక మాస్టర్ సాబ్ ఆ జిల్దును విప్పి, కట్టలను వరుసలో పేర్చి, షేర్వానీలు కుట్టే దారంతో మళ్లీ కుట్టి ఇచ్చాడు. మజూరీ తీసుకోలేదు. నేను మొదటి పేజీ నుంచి, అంటే మామిడిపండ్ల నుంచి మొదలుపెట్టాను. శ్రావణం ముగిసేలోపు పూర్తయింది. నిఘంటువు అవసరం నేను అనుకున్నంత పడలేదు. ఆఖరి కట్ట నాకు దాదాపు కంఠతా వచ్చు. ఆమె దర్వాజా తెరుస్తుంది, మూయదు, లోపలికి వెళ్లిపోతుంది. పుస్తకం అల్మారాలో పెట్టి, మా ఇంటామెను పిలిచి, ఆ కట్టెల వ్యాపారి మనిషి మళ్లీ వస్తే నాతో చెప్పమన్నాను.

దసరాకు ముందు గడి తలుపులు రెండూ ఇత్తడి బొడ్డెలతో, తాళంతో సహా అచ్చంపేట వ్యాపారికి అమ్మేశాము.